గ్రాంటుకు బయలుదేరే ముందు

నల్లగొండ

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నారాయణపేటలో మీరు ఏడుగురు కలిసి సొసైటీ రిజిస్టరు చేయించుకున్నారని తెలిసి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నేతపని చేసే ఇళ్లలోని ఆడవాళ్లకు ఏడాది పొడవునా పని చూపించాలని, దానితోపాటు జొన్నరొట్టెలు, పల్లీపొడి తయారుచేసే కేంద్రం ఒకటి పెట్టాలని అనుకుంటున్నట్టు రాశావు. గ్రాంటు ఎక్కడ దొరుకుతుందో చెప్పమన్నావు. అన్నింటికన్నా కింద, చిన్న అక్షరాలతో, ఎవరో ఒకాయన వచ్చి 25 లక్షలు ఇప్పిస్తానని, అందులో పదో వంతు తనకు ఇవ్వాలని, ముందుగా 30 వేలు కావాలని అడిగినట్టు కూడా రాశావు.

ముందు దానికే జవాబు చెబుతాను. ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. ఏ గ్రాంటు నిబంధనల్లోనూ కమీషన్‌కు ఖర్చుపద్దు ఉండదు. అంటే ఆ పదో వంతును మీరు ఏదో ఒక దొంగ బిల్లులో చూపించాలి. ఆ బిల్లు రాసిన రోజు నుంచి మీ జుట్టు ఆయన చేతిలో ఉంటుంది. దరఖాస్తు పెట్టడానికి సాయం కావాలంటే దారులు ఉన్నాయి. చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో (అందరూ పీఎంఎఫ్ఎంఈ అంటారు) జిల్లాకు రిసోర్స్ పర్సన్లను పెట్టారు. ప్రాజెక్టు నివేదిక తయారీ నుంచి బ్యాంకులో రుణం మంజూరయ్యేదాకా చేయి పట్టుకుని నడిపించడమే వాళ్ల పని. వాళ్లకు ఇచ్చే ప్రతిఫలం ఆ పథకమే ఇస్తుంది, నువ్వు ఇవ్వనక్కరలేదు.

ఇక నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేరే సంగతి. నువ్వు రెండు పనుల్ని ఒకే మూటలో కట్టావు. పల్లీపొడి అమ్మడం వ్యాపారం, ఆడవాళ్లకు శిక్షణ ఇవ్వడం సేవ. వ్యాపారానికి వచ్చే డబ్బు దారి వేరు, సేవకు వచ్చే డబ్బు దారి వేరు. సొసైటీలో మిగిలిన లాభాన్ని సభ్యులు పంచుకోకూడదు. రేపు ఆ కేంద్రం లాభాల్లోకి వస్తే, రొట్టెలు కాల్చిన చేతులకు ఆ లాభం అందాలని కదా నీ కోరిక? అలాగైతే ఆ కేంద్రానికి వేరే రూపం ఉండాలి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘం పెట్టుకోవచ్చు, లేదా ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. ఇంకా చిన్నగా మొదలుపెట్టాలంటే, ఇప్పటికే నడుస్తున్న మహిళా పొదుపు సంఘం పేరుతోనే మొదలుపెట్టు. సొసైటీని మాత్రం సేవకే ఉంచు. రెండింటికీ రెండు బ్యాంకు ఖాతాలు, రెండు క్యాష్‌బుక్‌లు ఉండాలి. ఈ గీత గీయకుండా మొదలుపెట్టి, ఆ తర్వాత ఆడిటరు ముందు నీళ్లు నమిలిన మంచి సంస్థలను నేను చూశాను.

వ్యాపారం వైపు ఉన్నది చాలావరకు సబ్సిడీయే తప్ప, చేతికి ఇచ్చే గ్రాంటు కాదు. ఇది మనసులో గట్టిగా పెట్టుకో. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం సంగతే చూడు. గ్రామంలో ఒక మహిళ 10 లక్షల తయారీ యూనిట్ పెడుతుందనుకో. తన వాటా 5 శాతం, అంటే 50 వేలు. మిగిలిన తొమ్మిదిన్నర లక్షలు బ్యాంకు ఇస్తుంది. ప్రభుత్వం ఇచ్చే 35 శాతం, మూడున్నర లక్షలు, ఆమె చేతికి రావు. బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటాయి. యూనిట్ నిజంగా నడుస్తోందని తనిఖీలో తేలాక అప్పులో జమ చేస్తారు. పట్టణంలో అయితే ఆ సబ్సిడీ 25 శాతమే. కాబట్టి కేంద్రం నారాయణపేట పట్టణంలో పెడతారా, పక్క పల్లెలో పెడతారా అన్నది అద్దెను బట్టి మాత్రమే తేల్చుకోవద్దు. ఇది కొత్త యూనిట్లకే వర్తిస్తుంది, కుటుంబానికి ఒక్కరికే ఇస్తారు. తయారీలో 10 లక్షలు దాటితే దరఖాస్తుదారు ఎనిమిదో తరగతి పాసై ఉండాలి.

నేను పైన చెప్పిన ఆహార పరిశ్రమల పథకం మీకు ఇంకా దగ్గరగా ఉంది. అందులోనూ 35 శాతమే, 10 లక్షలకు మించదు. అయితే పొదుపు సంఘాల్లో ఉండి ఆహార పదార్థాలు తయారుచేసే మహిళలకు ఒక్కొక్కరికి 40 వేల వరకు మూలధనం సంఘ సమాఖ్య ద్వారా అందే ఏర్పాటు ఉంది. మీ పల్లీపొడికి మొదటి మెట్టు ఇదేనని నా అభిప్రాయం. ఇరవై లక్షల యంత్రాలతో మొదలుపెట్టాలన్న ఉత్సాహాన్ని ఒక ఏడాది పక్కన పెట్టు. ఈ రెండు పథకాలకూ ఖరారు చేసిన గడువు 2025-26 ఆర్థిక సంవత్సరం వరకే. అందుకని ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, ఇప్పుడు ఏ పేరుతో, ఏ నిబంధనలతో నడుస్తున్నాయో స్వయంగా అడిగి రాసుకో. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ కూడా ఆన్‌లైన్‌లో ఉచితమే. దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకు.

సేవ వైపు వద్దాం. మీ సొసైటీకి పాన్ కార్డు, స్వచ్ఛంద సంస్థల కోసం ఉన్న నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చేవాళ్లకు పన్ను రాయితీ) అని అందరూ పిలిచే రెండు నమోదులు వెంటనే కావాలి. కొత్త సంస్థకు అవి మొదట మూడేళ్లకు తాత్కాలికంగా ఇస్తారు. ఆ గడువు తేదీని గోడ మీద రాసుకోండి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని తప్పించుకునే దారి లేదు.

కంపెనీల సామాజిక బాధ్యత నిధి (సీఎస్ఆర్) గురించి నువ్వు చాలా ఆశగా రాశావు. 2013 కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. తాను పనిచేస్తున్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలున్నాయి. మా వైపు కృష్ణ ఒడ్డు పొడవునా సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. కానీ ఆ డబ్బు తీసుకుని పనిచేసే బయటి సంస్థకు అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 అనే నమోదు కూడా ఉండాలి. మీ సొసైటీ ఇంకా కొత్తది. అందుకని ఇప్పుడే పెద్ద కంపెనీల తలుపు తట్టి నిరాశపడకండి. మీ జిల్లాలోనో మహబూబ్‌నగర్‌లోనో ఏళ్లుగా పనిచేస్తున్న ఒక నిజాయితీగల సంస్థతో కలిసి, వాళ్ల కార్యక్రమంలో ఒక చిన్న భాగాన్ని బాధ్యతగా మోయండి. ఈలోగా కేంద్ర ప్రభుత్వ సీఎస్ఆర్ పోర్టల్ తెరిచి, మీ జిల్లాలో ఏ కంపెనీ ఏ పనికి ఎంత ఖర్చు పెట్టిందో చూడు. బడి గదులు మాత్రమే కట్టించే కంపెనీకి మగ్గాల గురించి రాస్తే నీ కష్టమూ వృథా, వాళ్ల సమయమూ వృథా.

గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డు జిల్లా అభివృద్ధి మేనేజరును తప్పక కలువు. పొదుపు సంఘాల మహిళలకు చిన్న వ్యాపారాల శిక్షణ కార్యక్రమాలను నాబార్డు స్వచ్ఛంద సంస్థల ద్వారానే నడిపిస్తుంది. ప్రతి జిల్లాకూ ఏటా ఒక రుణ అవకాశాల ప్రణాళిక కూడా తయారుచేస్తుంది. అది చదివి వెళ్లు. చదివి వచ్చినవాళ్లతో అధికారులు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ఇప్పుడు నా అనుభవం ఒకటి రాస్తాను. ఇన్నేళ్లయినా గుర్తొస్తే బాధ కలుగుతుంది.

మా జిల్లా ఫ్లోరైడు గోడు నీకు తెలుసు. నల్లగొండ పేరుతో నీటిశుద్ధి పద్ధతే ఒకటి ఉంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతి అది, నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. మేము మర్రిగూడ వైపు పనిచేసే రోజుల్లో ఇంట్లో పెట్టుకునే ఫిల్టర్లకు గ్రాంటు వచ్చింది. వాటిలో అల్యూమినా గుళికలుంటాయి. అవి కొన్ని నెలలు ఫ్లోరైడును పట్టుకుంటాయి, తర్వాత వాటి శక్తి అయిపోతుంది. అప్పుడు బయటికి తీసి, రసాయనాలతో శుభ్రం చేసి మళ్లీ నింపాలి. దరఖాస్తులో నేను ఫిల్టర్ల ఖరీదు రాశాను, శిక్షణ ఖర్చు రాశాను, ప్రారంభోత్సవానికి షామియానా కూడా రాశాను. గుళికలను ఎవరు శుభ్రం చేస్తారో, అందుకు ఎంత అవుతుందో రాయలేదు. మరుసటి ఏడాది ఒక ఇంటికి వెళితే, నడుము వంగిపోయిన ఒక ముసలమ్మ ఆ ఫిల్టరు డబ్బాలో జొన్నలు పోసుకుంది. "నీళ్లు మళ్లీ మునుపటి లెక్కనే అయినయి బిడ్డా" అంది. మేము పంపిన నివేదికలో ఫిల్టర్లన్నీ పంపిణీ చేశామని ఉంది. అది నిజమే. కానీ ఆమె తాగుతున్నది మళ్లీ ఆ బోరు నీళ్లే.

అందుకే చెబుతున్నాను తల్లీ, గ్రాంటు అయిపోయిన మర్నాడు మీ కేంద్రం ఎలా నడుస్తుందో ముందు రాసుకో. పిండి మర పట్టీ తెగితే ఎవరు వేయిస్తారు? కరెంటు బిల్లు ఏ డబ్బుతో కడతారు? పల్లీల ధర పెరిగితే పొడి ధర ఎంత పెంచగలరు? వీటికి నీ దగ్గర జవాబు ఉంటే దరఖాస్తు సగం రాసినట్టే. లేకపోతే డబ్బు రాకపోవడమే మేలు.

దరఖాస్తు సంగతి. నువ్వు పంపిన ముసాయిదా "పాలమూరు వెనుకబడిన ప్రాంతం, వలసల జిల్లా" అని మొదలైంది. అది అబద్ధం కాదు, కానీ అక్కడి నుంచి వెళ్లే ప్రతి దరఖాస్తూ అలాగే మొదలవుతుంది. నోటుబుక్ పట్టుకుని మీరు పనిచేసే వాడల్లో ఇంటింటికీ తిరుగు. ఎన్ని మగ్గాలున్నాయి, ఎన్ని ఆడుతున్నాయి, కండెలు చుట్టే ఆడవాళ్లకు రోజుకు ఎంత ముడుతోంది, ఏ నెలల్లో పని ఉండదు, ఎన్ని ఇళ్ల నుంచి మగవాళ్లు బొంబాయికో పుణెకో వెళ్లారు, ఇవన్నీ రాసుకో. నారాయణపేట చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు వల్ల నేసినవాళ్ల కూలి పెరిగిందో లేదో ఆ ఇళ్లలోనే అడుగు. యాభై ఇళ్ల లెక్క నీ చేతిలో ఉంటే, ఆ ఒక్క పేజీ నీ మిగతా పది పేజీల కన్నా బలంగా నిలబడుతుంది. అడిగే మొత్తం కూడా ఆ లెక్కలోంచే పుట్టాలి. 25 లక్షలు అన్న అంకె నీకు ఆ మధ్యవర్తి నోటి నుంచి వచ్చింది. నీ పనికి ఎంత కావాలో నువ్వు ఇంకా లెక్కపెట్టలేదు.

అమెరికాలో ఉన్న మీ మేనమామ డబ్బు పంపుతానన్నాడని రాశావు. ఇక్కడ జాగ్రత్త. ఆయన ఇంకా భారత పౌరుడే అయితే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా సొసైటీకి విరాళం ఇవ్వవచ్చు. పాస్‌పోర్టు నకలు తీసుకుని ఫైలులో పెట్టండి. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం అవుతుంది. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా ఒక్క డాలరు తీసుకున్నా నేరమే. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు సేవకు ఖర్చు చేసి ఉండాలి. ప్రేమతో ఇచ్చినా సరే, ఇప్పుడు వద్దని చెప్పు.

డబ్బు వచ్చాక ఏ పద్దుకు ఇచ్చింది ఆ పద్దుకే వాడాలి. ఒక ఏడాది మేము శిక్షణ కోసం ఇచ్చిన డబ్బులోంచి జీపు మరమ్మతు చేయించాం. ఒక్క పైసా ఎవరూ తినలేదు. అయినా డబ్బు దేనికి వాడామో చూపే వినియోగ ధ్రువపత్రాన్ని (యూసీ) ఒప్పుకోలేదు, రెండో విడత ఆగిపోయింది, మా కార్యకర్తలకు నాలుగు నెలలు జీతాలు లేవు. వాళ్లలో ఇద్దరు పిల్లల బడి ఫీజు కట్టలేక పని మానేసి వెళ్లిపోయారు. ఆ తప్పు పూర్తిగా మాదే. పద్దు మార్చాలనిపిస్తే ఖర్చు పెట్టకముందే ఉత్తరం రాసి అనుమతి అడగాలి. చాలామంది ఇస్తారు కూడా. కేంద్ర ప్రభుత్వ గ్రాంటు అయితే దాని మీద బ్యాంకులో వచ్చిన వడ్డీని కూడా తిరిగి కట్టాలి, అందుకని ఆ డబ్బును వేరే ఖాతాలో ఉంచండి.

మొదటి డబ్బు మాత్రం మీ ఊళ్లోనే పోగు చెయ్యి. బట్టల దుకాణాలవాళ్లు, మీకు చదువు చెప్పిన పంతుళ్లు, బడిలో మీతో చదివినవాళ్లు ఐదు వందలిచ్చినా రశీదు రాసి ఇవ్వండి. బయటి సంస్థల వాళ్లు వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ రశీదు పుస్తకమే.

ఈ నెలాఖరు ఆదివారం బస్సెక్కు. మహబూబ్‌నగర్‌లో మారాల్సి ఉంటుంది, పొద్దున్నే బయలుదేరు. క్యాష్‌బుక్, తీర్మానాల పుస్తకం, బిల్లుల ఫైలు తెచ్చుకో. ఇంటింటి లెక్క పూర్తికాకపోయినా, రాసినంతవరకు తీసుకురా. మీ పెద్దమ్మ నీ కోసం బత్తాయిలు దాచిపెట్టింది. భోజనం చేశాక ఇద్దరం కూర్చుని మొదటి పేజీ మళ్లీ రాద్దాం.

ఆశీస్సులతో
నీ పెద్దనాన్న