పాకే పిల్లలున్న ఇంట్లో రేడియేటర్ల సంగతి

తల్లీ,

బాబు గోడ పట్టుకుని లేవబోతున్నాడని మొన్న ఫోన్లో చెప్పావు కదా, మీకు ఇంగ్లండులో ఇది మొదటి చలికాలం, అందుకే వివరంగా రాస్తున్నాను. ఇక్కడి ఇళ్ళల్లో లేచి నిలబడబోయే పిల్లలకి ముందుగా చేతికందేది కిటికీ కింద ఉండే రేడియేటరే, అదే, లోపల వేడినీళ్ళు తిరుగుతూ గదిని వెచ్చబెట్టేది. వేడి తగిలినా వాళ్ళు మనలా చటుక్కున చెయ్యి లాక్కోలేరు, వదిలితే పడిపోతామని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. వాళ్ళ చర్మం కూడా మనకంటే పల్చన.

రేడియేటర్ పక్కన తిప్పే వాల్వ్ మీద 1 నుంచి 5 దాకా అంకెలుంటాయి. 2లో పెట్టాం కదా, ఇక గోరువెచ్చగానే ఉంటుందని చాలామంది నమ్ముతారు, కానీ ఆ అంకె గది ఎంత వెచ్చబడ్డాక నీళ్ళు ఆపాలో చెప్తుందంతే, రేడియేటర్ ఎంత కాలాలో చెప్పదు. తెల్లవారుజామున గది చల్లగా ఉన్నప్పుడు 2లో ఉన్నా సరే, ఇంటికంతటికీ నీళ్ళు కాచే బాయిలర్ పంపే వేడివేడి నీళ్ళే లోపలికొస్తాయి.

అసలు తగ్గించాల్సింది బాయిలర్ దగ్గర. మీది ట్యాంకు లేని కాంబి బాయిలర్ అన్నావు కాబట్టి ముందువైపు కుళాయి బొమ్మ ఒకటి, రేడియేటర్ బొమ్మ ఒకటి ఉంటాయి. రేడియేటర్ బొమ్మ ఉన్నదాన్ని చూడు, చాలా ఇళ్ళల్లో అది 70, 80 డిగ్రీల్లోనే ఉండిపోతుంది. ముందు 60కి దించు, ఇల్లు సరిపడా వెచ్చబడుతుంటే 55కి, 50కి కూడా దించి చూడు. ఇల్లు మెల్లగా వేడెక్కుతుంది కాబట్టి టైమర్ కొంచెం ముందుగా పెట్టుకో. గ్యాస్ బిల్లు కూడా తగ్గుతుంది, 2022 చలికాలంలో ప్రభుత్వమే కాంబి బాయిలర్లని 60కి తగ్గించుకోమని ప్రచారం చేసింది. రేపు వేడినీళ్ళ సిలిండర్ ఉన్న ఇంటికి మారితే మాత్రం ఇలా దించెయ్యకండి, సిలిండర్లో నీళ్ళు 60కి చేరకపోతే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరగొచ్చు, గ్యాస్ సేఫ్ ఇంజనీర్ని, అంటే గ్యాస్ పనులకి ఇక్కడ అధికారికంగా నమోదైన మెకానిక్‌ని, అడిగి చెయ్యాలి.

అలాగని 60లో పెట్టాక ధీమాగా ఉండొద్దు. ఇక్కడి ఆసుపత్రుల్లో రోగులకి తగిలే రేడియేటర్ల పైన వేడి 43 డిగ్రీలు దాటకూడదంటారు, మనం ఇంట్లో అంతకి దించితే జనవరిలో వణికిపోతాం. అందుకే వాడు ఆడుకునే గదిలో రేడియేటర్‌కి చెక్క కవర్ పెట్టించండి. దాన్ని గోడకి బిగించాలి, లేకపోతే వాడు లాగినప్పుడు మీద పడుతుంది. అద్దె ఇల్లు కదా, ఓనర్‌ని ముందే అడగండి. వాల్వ్ కవర్ లోపల ఇరుక్కుపోతే ఆ వేడికే గది వెచ్చబడిందనుకుని ముందే ఆపేస్తుంది, అది కూడా చూసుకోండి. దుప్పటి కప్పేసి ఊరుకోవడం మాత్రం వద్దు.

అందరూ మర్చిపోయేవి పైపులు. నేలలోంచి రేడియేటర్‌లోకి వెళ్ళే ఆ రాగి గొట్టాలు పాకే పిల్లల చెంపకి తగిలే ఎత్తులో ఉంటాయి, హార్డ్‌వేర్ షాపులో ఫోమ్ తొడుగు దొరుకుతుంది, అల్లుడికి చెప్పి ఈ శనివారమే వేయించు. బాత్రూంలో టవల్ ఆరేసే కడ్డీలు కూడా అంతే కాలతాయి, ఒంటిమీద బట్టలు లేకుండా ఉండే చోటు కాబట్టి స్నానం వేళకి అవి చల్లారేలా హీటింగ్ ముందే ఆపు.

వాడి మంచం రేడియేటర్‌కి దూరంగా జరుపు. పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీలుంటే చాలు. అక్కయ్య ఫోన్లో టోపీ పెట్టమని పోరుపెడుతుంది, నేను సర్దిచెప్తాను, ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ వద్దు.

ఒకవేళ చెయ్యి కాలితే వెంటనే కుళాయి కింద చల్లటి నీళ్ళు 20 నిమిషాలు ధారగా పోనివ్వు, వాడు ఎంత ఏడ్చినా సరే. ఐస్, వెన్న, పసుపు, టూత్‌పేస్ట్ ఏవీ రాయొద్దు. తర్వాత వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ క్లింగ్ ఫిల్మ్ వదులుగా కప్పి, బొబ్బలొచ్చినా, చేతి మీదో మొహం మీదో కాలినా నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు. ఏం చెయ్యాలో తెలియకపోతే ఇక్కడి ప్రభుత్వ వైద్య సలహా నంబర్ 111కి ఫోన్ చెయ్యి.

సాయంత్రం బాయిలర్ ముందువైపు ఫోటో తీసి పంపు, ఏది తిప్పాలో చూసి చెప్తాను.

మీ పిన్ని