ఇంటి మనిషికి ప్రమోషన్ ఎవరిస్తారు?

ఉత్తరం: నాకు 34 ఏళ్లు. కోనసీమలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో తొమ్మిదేళ్ల నుంచి చేస్తున్నాను. ఇప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జిని. మా నాన్నగారు ఇదే ఓనరుగారి రైసుమిల్లులో గుమస్తాగా చేసి మానేశారు. 96 తుఫానులో మా ఇల్లు పోతే రేకులు వేయించింది, నాన్నగారికి పని ఇచ్చింది ఆయనే. 2025 సంక్రాంతికి నాన్నగారు చూడ్డానికి వెళ్తే "మీవాణ్ణి ఉగాది నుంచి ప్రొడక్షన్ మేనేజర్ని చేస్తున్నాం" అన్నారట. నాన్నగారు ఊళ్లో అందరికీ చెప్పారు. మా అత్తారింటికి కూడా ఫోన్ చేసి చెప్పారు. ఉగాది అయింది, మొదటి పంట అవ్వనివ్వమన్నారు. ఆగస్టులో అమెరికా సుంకాలు పెరిగాయి, ఇప్పుడు కొత్త పోస్టులు లేవన్నారు. దసరాకి ఓనరుగారి మేనల్లుడు ఆపరేషన్స్ హెడ్ అని వచ్చి కూర్చున్నాడు. అతనికి పని నేర్పమని నాకే చెప్పారు. వేసవిలో ఓనరుగారి అమ్మాయి పెళ్లికి సెలవు పెట్టి మరీ సామాన్లు, వడ్డనలు చూసుకున్నాను. ఇప్పుడు నా భార్య పోరితే కాకినాడలో వేరే ప్లాంటుకి అప్లై చేశాను, ఇంటర్వ్యూకి రమ్మన్నారు. అది తెలిసిన దగ్గర్నుంచి నాన్నగారు కోడలితో మాట్లాడటం మానేశారు. ఆయన ఉప్పు తిన్నాం, నోరెత్తకు అంటున్నారు నాతో. ఇచ్చిన మాట మీద లీగల్‌గా వెళ్లొచ్చా? అడిగేవాళ్లకి ఏం చెప్పి తలెత్తుకోవాలి?

జవాబు: బాబూ, నా పిల్లల వయసువాడివి, నువ్వు అనే రాస్తాను.

కోర్టు మాట వదిలెయ్. వరండాలో మీ నాన్నగారితో అన్న మాట పట్టుకుని ప్రైవేటు కంపెనీ నుంచి ప్రమోషన్ రాబట్టలేవు. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలోనే సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది, పదోన్నతికి పేరు పరిశీలించమని అడగడం హక్కు గానీ పదోన్నతే హక్కు కాదని. నీ దగ్గర కాగితం ముక్క కూడా లేదు. ఇక ఊళ్లోవాళ్లు. అడిగితే "అవ్వలేదండీ" అని చెప్పు. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పు. వాళ్లకీ చెరువులున్నాయి, రేటు పడిపోయిన దిగులుంది, నీ మేనేజర్ పోస్టు గురించి మూడోసారి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అత్తారింటికి మాత్రం నువ్వే ఫోన్ చేసి చెప్పు. మామగారికి ఇంకొకళ్ల నోటి నుంచి తెలిస్తే బాగుండదు.

ఇవి నువ్వు అడిగినవి. అడగనిది ఇంకోటుంది.

నీ ఉత్తరమంతా వెతికినా, నువ్వు మీ ఓనరుగారితో మాట్లాడినట్టు ఒక్క వాక్యం కనపడలేదు. మాట ఇచ్చింది నాన్నగారికి. కబురు తెచ్చింది నాన్నగారు. ఉగాది కాదు, పంటయ్యాక అన్నదీ ఆయనతోనే అయ్యుంటుంది, 'అన్నారు' అనే రాశావు గానీ ఎవరితోనో రాయలేదు. తొమ్మిదేళ్ల సర్వీసున్నవాడివి, రాత్రి లోడు దిగిన దగ్గర్నుంచి కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో, చూసి గ్రేడింగు చేయించి, పీలింగు టేబుళ్ల దగ్గర ఆడవాళ్లతో, ఫ్రీజరు దగ్గర మగవాళ్లతో పని చేయించి కంటైనరుకి అందించేవాడివి. నీ ఉద్యోగం సంగతి పండక్కి వెళ్లిన మీ నాన్నగారు మాట్లాడుకొచ్చారు. పెళ్లిసంబంధం కాదు కదా పెద్దలు మాట్లాడుకోవడానికి!

సుంకాల మాట అబద్ధమని నేననను. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా వేసిన సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యల మీద యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (సర్కారు రాయితీకి విరుగుడుగా వేసేది) డ్యూటీలు అంతకు ముందు నుంచే ఉన్నాయి, అవి వేరే. అమెరికా ఆర్డర్ల మీద బతికే ప్లాంటు ఏదైనా ఆ నెలల్లో ఊపిరి బిగబట్టే ఉంటుంది. అలాంటప్పుడు కొత్త పోస్టు వద్దనుకుంటే తప్పు పట్టను. అయితే ఆ నెలల్లోనే మేనల్లుడికి జీతం ఎక్కణ్ణుంచి వచ్చింది? డబ్బు లేక ఆగలేదు నీ పోస్టు. నీకు ఇవ్వకపోయినా ఏమీ కాదని ఆయనకి తెలుసు, అందుకని ఆగింది.

అది ఆయనకెలా తెలుసు? మీరే చెప్పారు, నువ్వూ మీ నాన్నగారూ కలిసి. వాళ్లమ్మాయి పెళ్లికి నీ సెలవు నువ్వు పెట్టుకుని వెళ్లి వడ్డనల దగ్గర నిలబడ్డావు. బంధువుగా వెళ్లావా, స్టాఫుగా వెళ్లావా? రెండూ కాదు. ఇంటి మనిషిగా వెళ్లావు. ఇంటి మనిషికి ప్రమోషన్ ఎవరిస్తారు? ఇంటి మనిషికి పండక్కి బట్టలు పెడతారు. ఇంట్లో కష్టమొస్తే ఆస్పత్రికి డబ్బిస్తారు, "మావాడే" అంటారు. నిజంగానే ప్రేమతో అంటారు, ఆ ప్రేమని నేను కాదనను. జీతం పెంచడం, పోస్టు ఇవ్వడం మాత్రం వెళ్లిపోతాడేమో అన్న భయం ఉన్నవాడికి చేస్తారు. మీ ఇంటి నుంచి ఆ భయం ఆయనకి ఎప్పుడూ కలగలేదు.

ఇదంతా 1996 నవంబరులో మొదలైంది. ఆ ఆరో తారీకు రాత్రి గురించి కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నీకప్పుడు ఐదేళ్లుంటాయి. మీ నాన్నగారికి అప్పటికి నీ ఇప్పటి వయసో, ఇంకాస్తో. తెల్లారేసరికి ఇల్లు లేదు, కాపు మీదున్న కొబ్బరిచెట్లు కూలిపోయాయి, మళ్లీ మొక్క వేస్తే కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. అలాంటి రోజుల్లో ఇంటిమీద రేకులు వేయించి, చేతికి పనిచ్చిన మనిషిని మీ నాన్నగారు దేవుడనుకుంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు. అనుకోకపోతేనే నాకు నచ్చేది కాదు. కృతజ్ఞత ఉన్న మనిషి అంటే నాకు గౌరవం.

కాకపోతే ఆ రుణం ఆయన తీర్చేశారు. గుమస్తా జీతానికి ఎన్నేళ్లు ఆ మిల్లులో లెక్కలు రాశారో, ఎన్ని రాత్రులు ధాన్యం లారీల దగ్గర కాపలా కాశారో, జీతం పెంచమని ఎన్నిసార్లు అడగలేకపోయారో ఆయన్నే అడుగు. రేకుల ఖరీదు ఎప్పుడో చెల్లిపోయింది. మిగిలిన కృతజ్ఞత ఆయనది, ఆయనిష్టం, చచ్చేదాకా ఉంచుకోవచ్చు. ఆస్తిలో వాటాలాగా అది కొడుక్కి రాదు. నువ్వు తొమ్మిదేళ్లుగా దాని మీద వడ్డీ కడుతున్నావు.

ఈ వ్యవహారంలో నీకన్నా ఎక్కువ దెబ్బ తిన్నది మీ నాన్నగారని నాకనిపిస్తోంది. నీకు పోయింది ఒక పోస్టు, ఇంకోచోట దొరుకుతుంది. ఆయన దేవుడనుకున్న మనిషి ఆయనకే ఇచ్చిన మాట తప్పాడు. ఆ మాట నమ్మి ఊరంతా చెప్పుకొచ్చారు, వియ్యంకుడికి ఫోన్ చేశారు. ఇప్పుడు ఓనరుగారి మీద కోపం తెచ్చుకోవాలంటే ముప్పై ఏళ్ల నమ్మకం తప్పని ఒప్పుకోవాలి. అది ఆయన వల్ల కావడం లేదు. ఆ కోపం ఎక్కడికో అక్కడికి పోవాలి కాబట్టి కోడలి మీదకి పోయింది. ఆ అమ్మాయి చేసిన నేరమల్లా కాకినాడ అనడమే. మీ ఇంట్లో ఎవరైనా ఆయన దగ్గర కూర్చుని "మీకు ఇచ్చిన మాట కదండీ, అలా చేసుండకూడదు" అని ఒక్క ముక్క అన్నారా? నువ్వు అను. పోస్టు గురించి కాదు, కాకినాడ గురించి కాదు, ముందు అదొక్కటే అను. ఆయన ఓనరుగారిని వెనకేసుకొస్తారు. రానివ్వు. వాదించకు.

రెండ్రోజులు ఆగి, "నాన్నగారూ, రేపు నేను ఆఫీసులో ఆయన్ని కలిసి మాట్లాడుతున్నాను" అని చెప్పు. అడగొద్దు, చెప్పు. అడిగితే వద్దంటారు, అప్పుడు నువ్వు ఆయన మాట కాదన్నవాడివి అవుతావు. తాను కూడా వస్తానంటారు చూడు, ససేమిరా ఒప్పుకోకు. పదవ తరగతి మార్కుల జాబితాకి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లడం కాదిది.

ఓనరుగారిని ఇంటి దగ్గర కలవకు. ఇంటి దగ్గరైతే కాఫీ వస్తుంది, అమ్మగారు పిల్లలెలా ఉన్నారంటారు, నువ్వు చేతులు కట్టుకుని నవ్వుతూ తిరిగొస్తావు. ఆఫీసులో టైము అడిగి వెళ్లు. కూర్చోమనకపోతే "కూర్చుంటానండి" అని కూర్చో. తుఫాను, ఉప్పు, నాన్నగారు, ఈ మాటలు నీ నోట రాకూడదు, ఆయన ఎత్తితే "ఆయ్, అవునండీ" అని మళ్లీ విషయానికి వచ్చెయ్. ప్రొడక్షన్ మేనేజర్ పోస్టు అసలు ఉందా లేదా? ఉంటే ఏ తారీకు, ఎంత జీతం, కాగితం మీద ఎప్పుడిస్తారు? లేకపోతే ఇప్పుడు నేను చేస్తున్న పనికి జీతం ఎంత సవరిస్తారు? మేనల్లుడి పేరు ఎత్తకు. ఎత్తావంటే సంభాషణ ఆయన ఇంటివాళ్ల గురించి అయిపోతుంది, అక్కడ ఆయనే గెలుస్తారు. బయటికొచ్చాక ఆ రోజే, మాట్లాడుకున్నది నాలుగు వరుసల్లో మర్యాదగా మెయిల్ పెట్టు. ఆయన జవాబివ్వకపోయినా సరే.

ఆ కుర్రాడికి పని నేర్పమన్నారు, నేర్పు. పేచీ పెట్టకు. నేర్పితే నీ పనితనం తరిగిపోదు. ఏ లోడులో మెత్తబడిన సరుకు ఉందో చేత్తో పట్టుకుని చెప్పడం పదిరోజుల్లో వచ్చే విద్య కాదని నీకూ తెలుసు. అసలు అతని మీద నీకు కోపమే ఉండకూడదు, మేనమామ పిలిచి కుర్చీ వేస్తే వద్దనేవాడు ఎవడుంటాడు?

కాకినాడ ఇంటర్వ్యూకి వెళ్లు. ఓనరుగారు సరేనన్నా వెళ్లు. తొమ్మిదేళ్లలో బయట నీ విలువెంతో ఒక్కసారైనా కనుక్కున్నావా? ఎదుర్లంక దగ్గర గోదావరి దాటడానికి పంటు కోసం కాచుకునే కాలం కాదు, వంతెన కట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఒకటి గుర్తుపెట్టుకో, వాళ్ల సరుకు ఎక్కువగా ఏ దేశాలకి వెళుతుందో అడుగు. మొత్తం అమెరికాకే అయితే ఇక్కడి కష్టమే అక్కడా ఉంటుంది. జపాన్‌కో యూరప్‌కో చైనాకో కూడా పంపేవాళ్లయితే కాస్త నయం. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా ఇక్కడ రాజీనామా కాగితం ఇవ్వకు, కోపంలో అసలే ఇవ్వకు.

డబ్బు సంగతులు నీ భార్యతో కలిసి కూర్చుని చూసుకో, ఇంట్లో లెక్కలు తెలిసిన మనిషి ఆమేనని ఉత్తరం చదివితేనే అర్థమవుతోంది. ఐదేళ్లు దాటింది కాబట్టి మానేస్తే గ్రాట్యుటీ, అంటే సర్వీసుకి కంపెనీ ఇచ్చే సొమ్ము, నీ హక్కు. ఎవరి దయా కాదు. చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి 15తో, సర్వీసు ఏళ్లతో గుణించుకుంటే ఎంతో తెలుస్తుంది. ఆర్నెల్లు దాటిన ముక్క పూర్తి ఏడాది కింద లెక్కకొస్తుంది, కాబట్టి మానే తారీకు చూసుకుని పెట్టుకో. పీఎఫ్ మాత్రం విత్‌డ్రా చెయ్యకు. పాత యూఏఎన్ (పీఎఫ్ నంబరు) మీదే కొత్త కంపెనీకి బదిలీ చేయించు. పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి, నువ్వు దాని గుమ్మంలో ఉన్నావు. ఇప్పుడు ఆ డబ్బు తీసుకుంటే లెక్క మళ్లీ మొదటి నుంచి. పాస్‌బుక్‌లో పెన్షన్ వాటా నెలనెలా పడుతోందో లేదో కూడా చూడు, ఇన్నేళ్లలో ఎప్పుడూ చూసుండవు, ఇంటి మనిషివి కదా. అనుభవ పత్రంలో షిఫ్ట్ ఇన్‌చార్జి అన్న మాట, చేసిన పనులు, తారీకులు ఉండేలా అడిగి తీసుకో.

ఒకవేళ ఓనరుగారు కాగితం మీద పోస్టిచ్చి, జీతం పెంచితే? ఉండు, హాయిగా ఉండు. సొంతూరు, ముసలి తల్లిదండ్రులు, నేను వెళ్లమని ఎందుకంటాను? కాకపోతే వాళ్లింట్లో వచ్చే శుభకార్యానికి భార్యని తీసుకుని, మంచి బట్టలు కట్టుకుని, కవరు పట్టుకుని వెళ్లు. బంతిలో కూర్చుని భోంచేసి రా.

కోడలితో మామగారు మాట్లాడకపోవడం ఇంకో వారం సాగనివ్వకు. దీన్ని మీ అమ్మగారికి అప్పగించే ఆలోచన వద్దు. ఆవిడ ఇద్దరి మధ్యా నలిగి, చివరికి "నువ్వే ఒక మెట్టు దిగమ్మా" అని కోడలికే చెబుతారు. ఆ అమ్మాయి దిగక్కర్లేదు. కాకినాడకి అప్లై చేసింది నీ వేలు, ఆమెది కాదు. ఆ మాట మీ నాన్నగారి ముందు, ఆమె వినేలా, నువ్వే చెప్పు.