చెప్పడానికేముంది, పని చేసుకునేవాళ్లం

ప్రశ్న: నమస్తే మేడమ్. పెళ్లయ్యాక నేను యూటాలో స్థిరపడ్డాను. మావారు అమెరికన్. మా మామగారు 1942లో శాన్‌పీట్ కౌంటీలోని ఎఫ్రాయిమ్‌లో పుట్టారు. పూర్వం మోర్మన్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు వలస వచ్చి కట్టుకున్న ఊరది. అత్తగారు పోయాక ఆయన మా దగ్గరే ఉంటున్నారు. ఆయన చిన్నతనం గురించి పిల్లల చేత రాయించి దాచుకోవాలని నా కోరిక. అడిగితే "చెప్పడానికేముంది, పని చేసుకునేవాళ్లం" అని ఊరుకుంటారు. వాళ్ల నాన్న గురించి మావారికీ అంతకుమించి తెలియదు. మాది వేరే మతం కాబట్టి గుచ్చి గుచ్చి అడగాలంటే మొహమాటం. ఏం అడగాలి?
— ఒక పాఠకురాలు, ప్రోవో

సమాధానం: అమ్మా, ఆ "పని" అన్న మాట దగ్గరే అందుకోండి. ఆయన చిన్నతనమంతా అందులోనే ఉంది. సాల్ట్ లేక్ సిటీలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నేను చాలాకాలం పనిచేశాను. మీ మామగారిలా యూటా పల్లెల్లో పెరిగిన పెద్దవాళ్లు అక్కడ ఎంతోమంది ఉండేవారు. "మీ బాల్యం ఎలా గడిచింది?" అంటే బాగానే గడిచింది అనేవారు, అంతే. "మీ చేనికి నీటి వంతు ఎన్నింటికి వచ్చేది?" అని అడిగితే మాత్రం కుర్చీలో సర్దుకుని కూర్చునేవారు.

అక్కడ వాననే నమ్ముకుంటే పంట చేతికి రాదు. చలికాలంలో కొండల మీద పడ్డ మంచు కరిగి వాగుల్లోకి దిగితే, దాన్ని కాలవల్లోకి మళ్లించి పంచుకోవాలి. ఎవరి వాటాకు ఎన్ని గంటలో ముందే రాసి ఉంటుంది. వంతు రాత్రి రెండింటికి వస్తే రెండింటికే లేవాలి. నాన్న ముందు, లాంతరు పట్టుకుని పిల్లవాడు వెనక. కర్రకు మేకులతో బిగించిన కాన్వాస్ గుడ్డ ఒకటి వాళ్ల వెంట ఉండేది. కర్రను కాలవకు అడ్డంగా పెట్టి, గుడ్డను నీళ్లలోకి వదిలి, దాని అంచు మీద మట్టిపెళ్లలు వేసి తొక్కితే నీళ్లు ఎగదన్ని గట్టు మీదుగా చేలోకి పారేవి. ఆ మేర తడిశాక, బురదతో బరువెక్కిన ఆ గుడ్డనే పీకి, ఈడ్చుకుంటూ ఇంకొంచెం కిందికి పోయి మళ్లీ వెయ్యాలి. గడువు కాగానే పక్క రైతుకు వదిలెయ్యాలి. అక్కడ తేడా వస్తే, ఆదివారం ఒకే బల్ల మీద కూర్చుని ప్రార్థన చేసేవాళ్లకు కూడా మాటలు ఉండేవి కావు.

మా కేంద్రంలో ఒక పెద్దాయన భార్య పేరు కూడా మర్చిపోయే స్థితికి వచ్చారు. ఆ రోజుల్లోనే ఒకసారి, తన మంచం మీది దుప్పటి తీసి, చేతికర్రకు చుట్టి, కాలవకు గుడ్డ ఎలా వెయ్యాలో నేల మీద నాకు చేసి చూపించారు. అంచు తొక్కడం కూడా మర్చిపోలేదు. మీ మామగారి చేతుల్లోనూ అది ఉండే ఉంటుంది. పిల్లలకు కాగితం, పెన్ను ఇచ్చి ఎదురుగా కూర్చోబెట్టే బదులు పెరట్లో ఒక పార, పాత కాన్వాస్ ముక్క, గొట్టం నీళ్లు ఆయనకు ఇచ్చి చూడండి.

తర్వాత ఆవుల గురించి అడగండి. ఆ ఊళ్లు కట్టిన పద్ధతే వేరు. వెడల్పాటి వీధులు, చతురస్రంగా గీసిన బ్లాకులు. ఇల్లు, పశువుల కొట్టం, కూరగాయల మడి, కోళ్లగూడు అన్నీ ఊళ్లోనే, పొలాలు మాత్రం ఊరి బయట. అందుకని బడికి వెళ్లేముందు పాలు పితికి, ఆవుల్ని వీధిలోంచి మేతకు తోలడం చాలా ఇళ్లలో పిల్లల పనే. ఆవులకు పేర్లు ఉండేవి. ఆ పేర్లు చెప్పమనండి. ఆ కౌంటీలో గొర్రెలు, టర్కీ కోళ్ల పెంపకం కూడా పెద్దదే. వేసవుల్లో ఆయనకు అక్కడా పని తగిలే ఉంటుంది.

మనుషుల పేర్లు ఇంకా బాగుంటాయి. ఎఫ్రాయిమ్‌లో స్థిరపడినవాళ్లలో చాలామంది డెన్మార్క్ నుంచి వచ్చారు. ఏ వీధిలో చూసినా హాన్సెన్లు, పీటర్సన్లు, జెన్సెన్లే. ఎవరు ఎవరో తెలియక ఊరంతా మారుపేర్లు పెట్టుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్లను ఏ మారుపేరుతో పిలిచేవారో, అది ఎందుకొచ్చిందో అడిగితే ఒక సాయంత్రమంతా గడిచిపోతుంది.

ఆదివారాల సంగతికొస్తే, మీ మొహమాటం నాకు అర్థమైంది. నమ్మకం గురించి అడగొద్దు, అలవాట్ల గురించి అడగండి. ఎనిమిదేళ్లకు బాప్తిస్మం, పన్నెండేళ్లకు డీకన్. డీకన్ అయిన పిల్లవాడు ఆరాధనలో రొట్టె, నీళ్లు అందరికీ అందించేవాడు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం. మిగిలిన ఆ తిండి ఖర్చును బీదవాళ్లకు ఇచ్చేవారు. దాన్ని ఇంటింటికీ తిరిగి వసూలు చేసేదీ ఈ పిల్లలే. ఏ గుమ్మం దగ్గర కుక్క తరిమిందో ఆయనకు గుర్తుంటుంది. ఆయన నాయనమ్మ వైపు పెద్దవాళ్ల గురించి అడిగితే "ఆదివారం గుడ్లు" అన్న మాట రావచ్చు. ఆ కౌంటీలోనే మాంటై ఊళ్లో, 1888లో ప్రతిష్ఠ జరిగిన మోర్మన్ల ఆలయం కట్టే రోజుల్లో, ఆదివారం కోళ్లు పెట్టిన గుడ్లను ఆడవాళ్లు ఆ పనికి విరాళంగా ఇచ్చేవారు. అలా గుడ్డు గుడ్డు కూడబెట్టి ఇచ్చిన ఆడవాళ్లంటే నాకు చాలా గౌరవం.

జూలై 24 గురించి కూడా అడగండి. 1847లో ఆ తేదీనే మోర్మన్ల నాయకుడు బ్రిగమ్ యంగ్ సాల్ట్ లేక్ లోయకు చేరారు. అక్కడి పల్లెలకు అది ఏడాదిలో పెద్ద పండుగ.

ఒక్క విషయం మాత్రం ఆయన చెప్పినదానితో సరిపెట్టొద్దమ్మా. శాన్‌పీట్ లోయ యూట్ అనే స్థానిక అమెరికన్ తెగవాళ్ల నేల. 1849లో వాళ్ల నాయకుడు వాకారా పిలిస్తేనే మోర్మన్లు అక్కడికొచ్చారు. 1865లో యూట్‌లకూ వలస వచ్చినవాళ్లకూ మధ్య మొదలైన బ్లాక్ హాక్ యుద్ధం ఆ లోయను ఏళ్ల తరబడి కుదిపేసింది. చివరికి యూట్‌లు ఆ లోయ వదిలి ప్రభుత్వం వాళ్లకు కేటాయించిన యూయింటా రిజర్వేషన్ అనే ప్రాంతానికి పోవాల్సి వచ్చింది. 1950ల బడిలో చదివిన పిల్లవాడు ఆ కథను వలస వచ్చినవాళ్ల వైపు నుంచే విని ఉంటాడు. తాతగారితో వాదన వద్దు, కానీ పిల్లలు రాసే పుస్తకంలో యూట్‌ల పేరు ఉండాలి. అది మీ బాధ్యత.

ముత్తాతలకు ఇద్దరు ముగ్గురు భార్యలు ఉన్నారా అన్నది ముందే అడక్కండి. చర్చి 1890లో బహుభార్యాత్వాన్ని విరమిస్తున్నట్టు ప్రకటించినా, కొన్ని ఇళ్లలో ఆ ప్రస్తావన ఇప్పటికీ ఇబ్బందే. ఆయనే ఎత్తితే వినండి. తేదీలు, బంధుత్వాలు కావాలంటే ఆయన్ని విసిగించక్కర్లేదు. వంశవృక్షాల వివరాలుండే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. డైరీలు రాసి దాచుకునే అలవాటు వాళ్లకు ఎప్పటినుంచో ఉంది కాబట్టి, మేనత్తల ఇళ్లలో ఏమైనా ఉన్నాయేమో మీవారిని కనుక్కోమనండి.