బ్రెగ్జిట్ ఫలితం వచ్చినప్పుడు జనం ఎలా స్పందించారు? న్యూకాసిల్‌లో నేను చూసింది

మీరు అడిగింది: 2016లో యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి రావాలని బ్రిటన్ ఓటేసినప్పుడు అక్కడి మామూలు జనం ఎలా ఉన్నారు, టీవీలో చూపించినట్టు సంబరాలు, ఏడుపులేనా అని.

అప్పుడు నేను ఇంగ్లండ్ ఈశాన్యంలో, న్యూకాసిల్‌లో ఉద్యోగం చేస్తున్నాను. టీవీలో చూపించినవి అబద్ధం కాదు. కానీ నేనున్న చోట సంబరాలూ తక్కువే, ఏడుపులూ తక్కువే. నాకు ఎక్కువగా కనిపించింది, మనుషులు ఆ విషయం ఎత్తకుండా జాగ్రత్తపడటం. అందరికన్నా ఎక్కువ దెబ్బ తగిలిన వాళ్లకి అసలు ఓటే లేదు. నాకు ఉంది.

ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు. బ్రిటన్‌లో చట్టప్రకారం నివసించే కామన్వెల్త్ దేశాల (ఎక్కువగా ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్నవి) పౌరులు అక్కడ ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. ఇండియా పాస్‌పోర్టుతో, వర్క్ వీసా మీద ఉన్నా సరే. అదే పోలండ్, రొమేనియా, ఇటలీ లాంటి దేశాల వాళ్లకి ఆ రెఫరెండంలో, అంటే జనం నేరుగా తేల్చే ఆ ఓటింగులో, ఓటు ఇవ్వలేదు. మిగతా ఈయూ దేశాల్లో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్లకే ఉంది. మా పక్కింట్లో ఉండే పోలండ్ ఆయన, 2004లో వాళ్ల దేశం ఈయూలో చేరిన కొత్తలో వచ్చి స్థిరపడ్డాడు. ఏళ్ల తరబడి పన్నులు కట్టాడు, పిల్లలు అక్కడే పుట్టారు. వాళ్ల కుటుంబం ఏమవుతుందో తేల్చే ఓటు ఆయనకి లేదు, ఆయన తర్వాత ఎప్పుడో వచ్చిన నాకు ఉంది. ఇది అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

పోలింగ్ జూన్ 23, గురువారం. దానికి సరిగ్గా వారం ముందు జో కాక్స్ అనే ఎంపీని ఆమె నియోజకవర్గంలోనే చంపేశారు. ఆ షాక్ నుంచి ఎవరూ తేరుకోలేదు. నేను చర్చి హాల్లో ఓటేశాను. వేలికి సిరా లేదు, అప్పట్లో గుర్తింపు కార్డు కూడా అడిగేవాళ్లు కాదు. పేరు, అడ్రస్ చెబితే బ్యాలెట్ కాగితం ఇచ్చారు, అక్కడున్న పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. పెన్సిల్ గుర్తు చెరిపేసి మార్చేస్తారని సోషల్ మీడియాలో ప్రచారం నడవడంతో కొందరు ఇంటి నుంచి పెన్ను తెచ్చుకున్నారు. వ్యవస్థ మీద అపనమ్మకం ఎంత ముదిరిందో నాకు అక్కడే అర్థమైంది.

ఆ రాత్రి పది గంటలకి బ్రిటన్ ఈయూలో ఉండిపోతుందనే అందరూ అనుకున్నారు. బయటికి రావాలని ఏళ్లుగా పోరాడిన నైజెల్ ఫరాజ్ కూడా అవతలి వాళ్లే గెలిచేట్టున్నారన్నాడు. అర్ధరాత్రి వేళకి మా ఊరి ఫలితం వచ్చింది. న్యూకాసిల్‌లో ఉండాలన్న వాళ్లు 50.7 శాతం, అంటే గెలిచీ గెలవనట్టు. కాసేపటికి పక్కనే ఉన్న సండర్లండ్ ఫలితం వచ్చింది, బయటికి పోదామన్న వాళ్లు 61 శాతం. దాంతో పౌండు పడిపోవడం మొదలైంది. 1.50 డాలర్ల దగ్గరున్నది పొద్దుటికల్లా 1.35 కిందికి, అంటే 1985 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి జారింది. తెల్లవారుజామున బీబీసీ ఫలితం తేల్చి చెప్పింది. చివరి లెక్క: బయటికి పోదామన్న వాళ్లు 51.9 శాతం, ఉండాలన్న వాళ్లు 48.1 శాతం. పొద్దున ఎనిమిది దాటాక ప్రధాని కామెరాన్ బయటికొచ్చి తప్పుకుంటున్నానని ప్రకటించాడు.

ఆ శుక్రవారం మా ఆఫీసు చాలా ఇబ్బందిగా గడిచింది. సండర్లండ్ నుంచి మెట్రో రైల్లో వచ్చేవాళ్లు మా టీమ్‌లో కొందరున్నారు. ఎవరు ఎటు వేశారో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు. టీ దగ్గర వాతావరణం గురించే మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం మాత్రం వాళ్లలో ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని తనంతట తనే చెప్పాడు. వాళ్ల నాన్న షిప్‌యార్డులో వెల్డర్. 1988లో సండర్లండ్‌లో ఓడల తయారీ ఆగిపోయింది. 1993లో అక్కడి చివరి బొగ్గు గని మూతపడింది, దాని స్థలంలోనే ఇప్పుడు ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. ఏ పార్టీ వచ్చినా లండన్‌కే మేలు జరిగింది, మా మాట లెక్కలోకి వచ్చిన మొదటి ఓటు ఇదే అన్నాడు. మరి సండర్లండ్‌లోనే ఉన్న నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ సంగతేమిటి అని అడిగాను. వేలమందికి ఉద్యోగాలిచ్చిన ఆ ఫ్యాక్టరీ కార్లలో ఎక్కువ భాగం యూరప్‌కే పోతాయి కదా! తెలుసన్నాడు. తెలిసీ వేశానన్నాడు. ఆయన లెక్కతో నేను ఏకీభవించలేదు, ఉండాలనే ఓటేశాను. కానీ బయటికి పోదామన్న వాళ్లంతా మూర్ఖులు, జాత్యహంకారులు అని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

మనవాళ్లలో కూడా రెండు వర్గాలున్నాయి. ఆ ఏప్రిల్ నుంచే, మాలాంటి వర్క్ వీసా వాళ్లకి శాశ్వత నివాసం కావాలంటే 35 వేల పౌండ్ల జీతం ఉండాలని రూలు పెట్టారు. యూరప్ వాళ్లకి ఏ వీసా అక్కర్లేదు, మనకి మాత్రం ఇన్ని తిప్పలా అన్న కోపంతో బయటికి ఓటేసిన తెలుగువాళ్లు నాకు తెలుసు. ఫలితం తర్వాత వాట్సాప్‌లో చర్చంతా రూపాయి రేటు మీదే. వంద దగ్గరున్న పౌండు కొన్ని నెలల్లో 80ల్లోకి దిగింది. హోమ్ లోన్ కంతులు ఇండియాలో కట్టేవాళ్లకి బాగా టెన్షన్. ఇది మన రాష్ట్ర విభజన లాంటిదేనా అని ఇంటి నుంచి ఫోన్లో అడిగారు. మన విభజనలో నిర్ణయం పార్లమెంటుది, బ్రిటన్‌లో నేరుగా జనానిది. అందుకే బ్రిటన్‌లో నింద మోయడానికి నాయకులు సరిపోలేదు, ఇంట్లో వాళ్లే ఒకరినొకరు అనుకున్నారు. మా టీమ్‌లో ఒకమ్మాయి తల్లిదండ్రులతో కొన్నాళ్లు మాట్లాడలేదు. కుర్రవాళ్లలో ఎక్కువమంది ఉండాలని, పెద్దవాళ్లలో ఎక్కువమంది పోదామని వేయడంతో ఇలాంటివి చాలా ఇళ్లలో జరిగాయి.

ఇక అసలు బాధ. ఆ శనివారం న్యూకాసిల్ నడిబొడ్డున కొందరు వలసలు ఆపండి, వెనక్కి పంపండి అని బ్యానర్ పట్టుకుని నిలబడ్డారు. లండన్‌లో పోలండ్ వాళ్ల సాంస్కృతిక కేంద్రం ముఖద్వారం మీద బూతు రాశారు. ఆ జూలైలో జాతి, మత ద్వేషంతో జరిగిన నేరాలు అంతకుముందు ఏడాది జూలై కన్నా 41 శాతం పెరిగాయని ప్రభుత్వమే చెప్పింది. మా పక్కింటాయన కూతుర్ని బళ్లో ఎవరో మీరెప్పుడు వెళ్లిపోతారని అడిగారట. వాళ్లావిడ ఆ మాట చెబుతుంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఇంకోవైపు మా వీధిలో ఒక ముసలావిడ వాళ్ల ఇంటికి కేక్ తీసుకెళ్లి, తను బయటికే ఓటేశానని, అది వాళ్ల మీద కోపంతో కాదని చెప్పి వచ్చింది. ఇవి రెండూ ఒకే వారంలో జరిగాయి.

మళ్లీ రెఫరెండం పెట్టాలని 40 లక్షలకు పైగా జనం పిటిషన్ మీద సంతకాలు చేశారు, ప్రభుత్వం ఒప్పుకోలేదు. బ్రిటన్ చివరికి 2020 జనవరి 31న బయటికొచ్చింది. అప్పటిదాకా మా పక్కింటి వాళ్లు తమ స్టేటస్ ఏమిటి అన్న ప్రశ్నతోనే బతికారు. ఇల్లు కొనాలా వద్దా, పిల్లల చదువు ఎక్కడ అన్నవి తేల్చుకోలేకపోయారు. చివరికి ఈయూ వాళ్ల కోసం పెట్టిన స్కీములో అప్లై చేసుకుని ఉండిపోయారు.

2014లో స్కాట్లండ్ విడిపోవాలా వద్దా అని అడిగినప్పుడు అక్కడ నివసిస్తున్న ఈయూ పౌరులకీ, 16 ఏళ్లు నిండిన పిల్లలకీ ఓటు ఇచ్చారు. రెండేళ్లకే అదే దేశంలో జరిగిన ఈ రెఫరెండంలో ఇద్దరికీ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఫలితం మారేదో లేదో నేను చెప్పలేను. కానీ ఏ ఫలితం వచ్చినా, మా పక్కింటాయన తననీ ఒక మాట అడిగారని అనుకునేవాడు.