ఆపరేషన్ ముందు ఆ మాత్రలు మింగకు

చిరంజీవి శ్రీనుకి, అత్త ఆశీస్సులు.

నీ కిడ్నీలో రాయి రెండు సెంటీమీటర్లు దాటిందని, వీపు దగ్గర చిన్న రంధ్రం చేసి తీస్తారని మీ నాన్న చెప్పాడు. అదే పీసీఎన్‌ఎల్, భయపడాల్సింది కాదు. నాకు కోపం తెప్పించింది ఆ మందుల షాపతని సలహా. ఇన్ఫెక్షన్ రాకుండా ఇప్పటినుంచే యాంటీబయాటిక్ మొదలుపెట్టమన్నాడట! యూరాలజీ వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లూ ఈ విషయం మీదే అందరితో గొడవపడేదాన్ని.

ముందు యూరిన్ కల్చర్ చేయించు. మామూలు యూరిన్ పరీక్ష చాలదు. మొదట వచ్చేది వదిలేసి, మధ్యలోది సీసాలో పట్టు. ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. ఈలోపు నువ్వు మాత్ర మింగావంటే బ్యాక్టీరియా అణిగిపోయి రిపోర్టు బాగానే వస్తుంది, రాయిలో మాత్రం అది అలాగే ఉంటుంది.

కల్చర్‌లో ఏదైనా పెరిగితే, ఆ రిపోర్టును బట్టి మందు వాడాకే ఆపరేషన్. తేదీ వాయిదా పడిందని ఆఫీసు సెలవు గురించి టెన్షన్ పడకు.

ఏమీ పెరగలేదనుకో. నీకు షుగర్ లేదు, లోపల స్టెంటూ (మూత్రం సాఫీగా దిగడానికి కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా పెట్టే సన్నని గొట్టం) లేదు కాబట్టి మామూలుగా ఆపరేషన్‌కు ముందు గంటలోపు ఇచ్చే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ సరిపోతుంది. రాయిని పగలగొడుతూ సెలైన్‌తో కడుగుతారు. ఆ ఒత్తిడికి బ్యాక్టీరియా రక్తంలోకి పోవచ్చు, అప్పటికే అక్కడ మందు ఉండాలి. ఆ పని ఆపరేషన్ అయిన మర్నాడు మొదలుపెట్టే కోర్సు వల్ల కాదు. కొందరికి వారం ముందునుంచే మాత్రలు ఇస్తారు, నిజమే. అది మీ డాక్టర్ తేల్చాలి. చిన్నప్పుడు పెన్సిలిన్‌కి నీకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి కదా, ఆ సంగతి కేస్‌షీట్‌లో రాయించు. మత్తు డాక్టర్‌కి నోటితో కూడా చెప్పు.

తీసిన రాయి ముక్కను కూడా కల్చర్‌కి పంపమని అడుగు. మూత్రంలో ఏమీ లేకపోయినా రాయిలో ఉండొచ్చు. తర్వాత జ్వరం వస్తే ఆ రిపోర్టే దారి చూపిస్తుంది.

స్టెంట్ వేస్తే మంట, మాటిమాటికీ మూత్రం రావడం, కాస్త ఎరుపు మామూలే. వాటికి యాంటీబయాటిక్ అడగకు, నీళ్లు తాగు. చలీ వణుకుతో జ్వరం వస్తే మాత్రం అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి వెళ్లు, తెల్లారేదాకా ఆగకు.

ఆ స్టెంట్ తీసే తేదీ డిశ్చార్జి కాగితంలో ఉందో లేదో చూసుకో. లేకపోతే అక్కడే రాయించుకుని రా.

మీ అత్త