కమిటీ విచారణ కోసం ఆగితే క్లెయిమ్ పోతుంది

ప్రశ్న: మాది గుంటూరు. డాలస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. 21 నెలల క్రితం తెల్లవారుజామున ఫెడరల్ ఏజెంట్లు వేరెవరి కోసమో వచ్చి మా అపార్ట్‌మెంట్ తలుపు పగలగొట్టారు. నన్ను కింద పడేసి చేతులు వెనక్కి విరిస్తే భుజం ఎముక విరిగింది. మమ్మల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల కళ్లముందే ఇదంతా జరిగింది. అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో మా ప్రాంత సభ్యుడు ఆ సంస్థకు ఉత్తరం రాశారు. ఇలాంటి దాడులపై కమిటీ విచారణ ఉండొచ్చని, అందులో నా విషయమూ వస్తుందని ఆయన ఆఫీసువాళ్లు అంటున్నారు. అప్పటిదాకా ఆగమంటారా?

జవాబు: ఆగొద్దు. మీ ఉత్తరం అంతటిలో కేసును తేల్చే ముక్క ఒక్కటే, 21 నెలలు. ఫెడరల్ ఉద్యోగులు చేసిన నష్టానికి ప్రభుత్వాన్ని పరిహారం అడగనిచ్చే ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ యాక్ట్ ప్రకారం మీ క్లెయిమ్ 2 ఏళ్లలోపు ఆ సంస్థకు రాతపూర్వకంగా అందాలి. ఆఖరి రోజున పోస్టులో వేస్తే సరిపోదు, వాళ్ల చేతికి చేరాలి. కాంగ్రెస్ సభ్యుడి ఉత్తరం ఈ గడువును ఒక్క రోజు కూడా ఆపదు. మీకు మిగిలింది 3 నెలలు.

కాంగ్రెస్‌కు అధికారం లేదని కాదు. అధికారులకు సమన్లు పంపి, ప్రమాణం చేయించి నిలదీయగలదు. బడ్జెట్ కోయగలదు, చట్టం మార్చగలదు. కానీ ఒక మనిషికి జరిగిన నష్టానికి లెక్క కట్టడం దాని పని కాదు. కమిటీలు ప్రభుత్వ సంస్థల మీద ఎప్పుడూ కన్నేసి ఉంచాలని చెప్పింది 1946 నాటి లెజిస్లేటివ్ రీఆర్గనైజేషన్ యాక్ట్. టార్ట్ క్లెయిమ్స్ యాక్ట్ కూడా దానిలో భాగంగానే వచ్చింది. ఒక్కో బాధితుడి కోసం కాంగ్రెస్‌లో ప్రత్యేక బిల్లు పెట్టే పాత పద్ధతిని ఇలాంటి కేసుల్లో ఆపేసిందీ అదే. 1992లో ఐడహోలోని రూబీ రిడ్జ్‌లో ఫెడరల్ ఏజెంట్ల కాల్పుల్లో వీవర్ కుటుంబంలో తల్లీ, కొడుకూ చనిపోయారు. సెనేట్ సబ్‌కమిటీ విచారణ 1995 సెప్టెంబరులో మొదలైంది. ఆ కుటుంబానికి 31 లక్షల డాలర్ల సెటిల్‌మెంట్ అంతకు ముందు నెలలోనే కుదిరింది. టెక్సస్‌లోని వేకోలో 1993లో ఒక మతశాఖ స్థావరాన్ని ఫెడరల్ ఏజెంట్లు ముట్టడించిన ఘటన మీదా 1995లో కాంగ్రెస్ దిగువసభ (హౌస్) కమిటీలు రోజుల తరబడి విచారించాయి. బాధితుల దావా మాత్రం 2000లో ఓడిపోయింది.

మీకు నిజంగా పనికొచ్చే మేలు కాంగ్రెస్ 1974లోనే చేసింది. అంతకు ముందు ఏడాది ఇల్లినాయ్‌లోని కాలిన్స్‌విల్‌లో మాదకద్రవ్యాల నిఘా ఏజెంట్లు పొరపాటున వేరేవాళ్ల ఇళ్లలో దూరి బీభత్సం చేశారు. దాంతో ఫెడరల్ ఏజెంట్ల దౌర్జన్యానికి, అక్రమ అరెస్టుకు ప్రభుత్వాన్నే అడిగేలా చట్టం మార్చారు. అట్లాంటాలో 2017లో ఎఫ్‌బీఐ అలాగే మరో ఇంట్లో దూరిన కేసును సుప్రీంకోర్టు 2025 జూన్‌లో మళ్లీ చూడమని కింది కోర్టుకు పంపింది. అయితే ‘అది మా విచక్షణతో తీసుకున్న నిర్ణయం’ అని వాదించి ప్రభుత్వం తప్పించుకునే దారిని మూసేయలేదు. కాబట్టి వారంట్‌లో ఉన్న అడ్రసు ఏది, వాళ్లు దాన్ని సరిచూసుకున్నారా అన్నదే మీ సాక్ష్యానికి కేంద్రం.

ఆ వారంట్ కాపీ ఇల్లు మారినప్పుడు ఎక్కడో పెట్టామని తీరిగ్గా రాశారు! ఇంత చదువుకుని ఇదేం నిర్లక్ష్యం? ఇవాళే వెతకండి. వీడియో వాట్సాప్‌లో ఉందన్నారు, అది చాలదు. దాన్ని తీసిన ఫోను కావాలి, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకండి. బాడీ కెమెరా రికార్డింగులు భద్రపరచమని సంస్థకు విడిగా ఉత్తరం రాయండి. వాళ్ల చొక్కాల మీద ‘పోలీస్’ అని ఉందన్నారు. ఫెడరల్ ఏజెంట్లూ అదే వేసుకుంటారు కాబట్టి దానితో ఏమీ తేలదు. ఏ సంస్థో అనుమానముంటే, అనుమానమున్న ప్రతి సంస్థకూ క్లెయిమ్ పంపండి. నాన్నగారి వాంగ్మూలానికి గుంటూరులో స్టాంపు పేపరు, నోటరీ అక్కర్లేదు. అమెరికా చట్టాల ప్రకారం, అబద్ధమైతే శిక్షకు లోబడి చెబుతున్నానని రాసి, తేదీ వేసి సంతకం చేస్తే చాలు.

నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్దామని మీ బావమరిది అన్నారట. ఆ పని మాత్రం చేయకండి. సంస్థకు క్లెయిమ్ పెట్టకుండా వేసిన దావాను కొట్టేస్తారని సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది. ఆ ఏజెంటు మీదే వ్యక్తిగతంగా కేసు వేసే దారి సుప్రీంకోర్టు 2022 తీర్పు తర్వాత దాదాపు మూసుకుపోయింది.

క్లెయిమ్ పెట్టడానికి ప్రభుత్వం ఇచ్చే ఎస్‌ఎఫ్-95 ఫారం నింపండి. అందులో ఎంత డబ్బు అడుగుతున్నారో అంకెల్లో రాయాలి. ఖాళీగా వదిలేసినా, ‘తర్వాత చెబుతాను’ అని రాసినా అది క్లెయిమ్ కిందికి రాదు. కొత్తగా బయటపడే సాక్ష్యం లేకపోతే రేపు కోర్టులో అంతకన్నా ఎక్కువ అడగలేరు. అందుకే ఆపరేషన్, ఫిజియోథెరపీ, పోయిన జీతం, ముందు ముందు అయ్యే ఖర్చు అన్నీ కూర్చి వేయండి. 6 నెలల్లో జవాబు రాకపోతే తిరస్కరించినట్టే భావించి కోర్టుకు వెళ్లొచ్చు. తిరస్కరిస్తూ ఉత్తరం పంపితే, ఆ ఉత్తరం పోస్టు చేసిన తేదీ నుంచి 6 నెలల్లోపే దావా వేయాలి. వీసా గురించి మీ టెన్షన్ అర్థమైంది, కానీ క్లెయిమ్‌కు పౌరసత్వం షరతు లేదు. లాయరు ఫీజుకూ చట్టమే హద్దు పెట్టింది: సంస్థ దగ్గరే తేలితే 20 శాతం, దావా దాకా వెళితే 25 శాతం.

కాంగ్రెస్ ఆఫీసును వదులుకోమనను. సంస్థ నుంచి జవాబు రాబట్టడానికి ఉపయోగపడుతుంది. క్లెయిమ్ అందినట్టు రసీదు చేతికొచ్చాక కమిటీకి ఏదైనా రాసివ్వాలనుకుంటే, ముందు మీ లాయరుకు చూపించి ఇవ్వండి. అక్కడ మీరు చెప్పే తేదీకీ, ఫారంలో వేసిన తేదీకీ తేడా వస్తే ప్రభుత్వ లాయరు మొదట పట్టుకునేది దాన్నే.