హాలోవీన్ ఖర్చు, కుళ్లిపోయే గుమ్మడికాయ, సంచిలో జెలటిన్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు, ఎనిమిదేళ్లు, నాలుగేళ్లు. ఆగస్టు దాటకముందే షాపుల్లో హాలోవీన్ సరుకు దిగిపోతోంది. కిందటేడు వేషాలకీ అలంకరణకీ కలిపి 300 డాలర్లు దాటింది. పండగ మానకుండా ఖర్చు ఎక్కడ తగ్గించాలి? (ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: ముందు అలంకరణ దగ్గర కోత పెట్టండి. 2020లో హోమ్ డిపో 12 అడుగుల అస్థిపంజరాన్ని 299 డాలర్లకు అమ్మకానికి పెట్టాక వాకిళ్ల పోటీ ఇంకా ముదిరింది. 2023లో అమెరికన్లు ఈ పండగకు 1,220 కోట్ల డాలర్లు ఖర్చు పెడతారని అక్కడి రిటైల్ సమాఖ్య అంచనా కట్టింది. అక్టోబరు 31 రాత్రి వేషాలతో ఇల్లిల్లూ తిరుగుతూ మిఠాయి కోసం తలుపు కొట్టే పిల్లలు చూసేది మాత్రం వాకిట్లో లైటు వెలుగుతోందా లేదా అనే. వెలుగుతుంటే రావచ్చని, ఆర్పేస్తే రావద్దని అర్థం. ఆ లైటు కింద ముఖం చెక్కిన గుమ్మడికాయ ఒకటి పెడితే చాలు.

వేషాలకు పాత దుప్పటి దయ్యాన్ని మించింది లేదు. అందరూ చేసే పొరపాటు కళ్ల రంధ్రాలు ముందే కత్తిరించడం. నాలుగడుగులు వేసేసరికి దుప్పటి జారి పిల్లకు దారి కనిపించదు. పాత టోపీ ఒకటి తీసుకుని దుప్పటి లోపల, నడినెత్తికి వచ్చేచోట నాలుగు కుట్లు వేయండి. పిల్లకు తొడిగాకే కళ్లచోట సుద్దతో గుర్తు పెట్టి, తీసేసి కత్తిరించండి. అంచు చీలమండ పైనే ఆగాలి, లేకపోతే మెట్ల దగ్గర కాళ్లకు చుట్టుకుంటుంది. అట్టపెట్టె రోబో బాగుంటుంది కానీ అది వేసుకుని కారులో కూర్చోలేరు, నడిచి తిరిగే వీధికే పనికొస్తుంది. సంచి పట్టుకోవడానికి చేతులు ఆడని వేషమేదైనా అరగంటలో అమ్మ చేతికి వస్తుంది. ముఖానికి రంగు వేసేట్టయితే ముందురోజు ముంజేతి మీద కొంచెం రాసి చూడండి. ప్లాస్టిక్ మాస్కు వద్దు, పక్కన వచ్చే కారు కనిపించదు.

మిఠాయికి లెక్క ఇది: కిందటేడు వచ్చిన పిల్లలెందరు, మనిషికి రెండు. 70 మంది వస్తే 150 ముక్కల సంచి ఒకటి సరిపోతుంది. అక్టోబరు ఆఖరి వారం దాకా కొనకండి. ముందే తెస్తే మీరే తినేస్తారు.

ప్రశ్న: చెక్కిన గుమ్మడికాయ రెండు రోజులకే బూజు పట్టి కూలిపోతోంది. ఎందుకు? (హ్యూస్టన్)

జవాబు: మీ ఊరి వేడి, తేమ కొంత కారణం. తొందరపడి ముందే చెక్కేయడం ఇంకొంత. కాయను నెల మధ్యలో కొన్నా నీడలో ఉంచి, 29నో 30నో చెక్కండి. అడుగు మెత్తబడనిది, తొడిమ గట్టిగా ఉన్నది ఎంచుకోండి. తొడిమ పట్టుకుని మాత్రం ఎత్తకండి, ఊడొస్తుంది.

పైన మూత కోస్తే అది ఎండి కుంచించుకుపోయి లోపలికి పడుతుంది. అందుకే కంత అడుగునో వెనకనో కోయండి. పైనే కావాలంటే కత్తిని లోపలికి వాల్చి కోస్తే మూత బిరడాలా కూర్చుంటుంది. పీచు, గింజలు తీశాక ముఖం వచ్చే వైపు గోడను అంగుళం మందం మిగిలేదాకా గీకండి. ఇంకా మందంగా ఉంటే రంపం దిగదు, మరీ పల్చనైతే రెండో రోజే ముడుచుకుపోతుంది. వంటింటి కత్తి కండలో ఇరుక్కుని, లాగితే చేతి మీదికి వస్తుంది. నాలుగైదు డాలర్ల చిన్న పళ్ల రంపం నయం. బొమ్మ గీయడం, గీకడం పిల్లలకు, కోత పెద్దలకు. ముందు కళ్లు, ముక్కు, చివర నోరు. నోరు ముందు కోస్తే గోడ బలహీనపడి, కళ్ల దగ్గర నొక్కేసరికి విరుగుతుంది.

తర్వాత గాలన్ నీళ్లలో ఒక టేబుల్‌స్పూన్ బ్లీచ్ కలిపి లోపలా బయటా తడిపి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. కోసిన అంచులకు వాజలీన్ రాయండి. అది మండే సరుకు కనుక లోపల కొవ్వొత్తి వద్దు, బ్యాటరీ దీపమే పెట్టాలి.

గింజలు పారేయకండి. ఉప్పునీళ్లలో 10 నిమిషాలు ఉడికించి, వార్చి, బాగా ఆరాక నూనె, ఉప్పు, కారం పట్టించండి. ఒకే వరసగా పరిచి 325 ఫారన్‌హీట్‌లో 20 నుంచి 25 నిమిషాలు. తడి ఉండగా పెడితే కరకరలాడవు. దప్పళానికి మాత్రం ఈ కాయ దండగ, నీళ్లెక్కువ, తీపి తక్కువ. చిన్నవి, ‘పై పంప్‌కిన్’ అని అమ్మేవి కొనుక్కోండి.

ప్రశ్న: మేము శాకాహారులం. పిల్లలు తెచ్చిన సంచిలో ఏవి తీసేయాలి? (న్యూజెర్సీ)

జవాబు: ప్రధానంగా జెలటిన్ ఉన్నవి. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. గమ్మీ బేర్లు, మార్ష్‌మాలోలు, క్యాండీ కార్న్, అమెరికా స్టార్‌బర్స్ట్‌లలో ఉంటుంది. స్కిటిల్స్‌లో లేదు. హెర్షీ పాల చాక్లెట్, కిట్‌క్యాట్‌లలోనూ లేదు. చిన్న పొట్లాల మీద చాలాసార్లు పదార్థాల జాబితా ఉండదు, షాపులో పెద్ద సంచి మీద చూడాలి. తీసేసిన ప్రతి ముక్కకూ బదులు రెండు మీరిస్తానని ముందే చెప్పి పంపండి. గుమ్మం దగ్గర ఏడుపు ఉండదు.

వేరుశనగ పడని పిల్లలుంటే నెమలికంఠం రంగు వేసిన గుమ్మడికాయ ఉన్న ఇళ్లు చూసుకోండి. అక్కడ మిఠాయి కాని స్టిక్కర్లు, పెన్సిళ్ల లాంటివి ఇస్తారు. ఆహార అలర్జీల సంస్థ ఫేర్ 2014 నుంచి దీన్ని దేశమంతటా ప్రచారం చేస్తోంది.

ప్రశ్న: మిఠాయిలో విషం కలుపుతారంటారు, నిజమా? (అట్లాంటా)

జవాబు: దాదాపు పుకారే. 1974లో టెక్సాస్‌లో ఒక బాలుడు మిఠాయిలో కలిపిన సైనైడ్‌తో చనిపోయిన మాట నిజం. కానీ పెట్టింది ఊరివాళ్లెవరో కాదు, కన్నతండ్రే, బీమా డబ్బుకోసం. పొట్లం విప్పి ఉన్నది పారేయండి, అంతే. అసలు భయపడాల్సింది కార్లకు. వేషం వెనకా ముందూ వెలుగు పడితే మెరిసే టేపు అంటించి, ఒక్కొక్కరి చేతికీ టార్చి ఇవ్వండి.